గిన్నెలు మోగని సాయంత్రం

లాకప్పులో ఉన్నవాడు కుర్చీ అడిగాడు.

"లోపల కుర్చీ వెయ్యం," అన్నాడు కానిస్టేబులు.

"నాక్కాదు బాబూ, ఆయనకి. అంత పొడుగు మనిషి నిలబడితే నాకు మెడ నొప్పి."

ఊచలకి ఇవతల నిలబడ్డ మనిషిని ఊరంతా కొంగ అంటారు. మెడ పొడుగు గనక అని కొందరు, ఒంటికాలి మీద ఎంతసేపైనా కాచుకుంటాడు గనక అని కొందరు. ఆయన వీధి మలుపు తిరిగితే తల ముందు ఇంటికి చేరి, కాళ్ళు వచ్చేదాకా అరుగు మీద పేపరు చదువుకుంటూ ఉంటుందని సాక్షాత్తూ ఆయన భార్యే చెబుతుంది. వృత్తి ప్రైవేటు డిటెక్టివు.

లోపలివాడి పేరు దరువు. పాత కార్లకి స్పీకర్లు బిగించడం వాడి పని. ఇప్పుడు వాడి మీద ఉన్న నేరం చిన్నది కాదు. ఆ ఊరి పళ్ళ డాక్టరు మొన్న సాయంత్రం తన ఇంటి ఆవరణలోనే, తన కారులోనే, ఇంజను నడుస్తూ ఉండగా స్పృహ తప్పి దొరికాడు. సైలెన్సరు పొగ ఒంట్లోకి పోయిందన్నారు ఆసుపత్రివాళ్ళు. ఇంకా కళ్ళు తెరవలేదు. దరువు స్పీకర్ల కోసం వెనక రేకు కోసిన కంతల్లోంచే పొగ లోపలికి వచ్చిందని పోలీసులు తేల్చి, వాణ్ణి లోపల వేసి, వాడి షాపుకి తాళం వేశారు. రేపు కోర్టు. డాక్టరుకి ఏమైనా అయితే కేసు మారిపోతుంది, దరువు మళ్ళీ ఎప్పుడు బయటపడతాడో చెప్పలేం. పొద్దున్నే వాడి భార్య వచ్చి కొంగ ఇంటి మెట్ల మీద కూర్చుంది.

కుర్చీ వచ్చింది. కొంగ కూర్చున్నాడు.

"ఎన్ని కంతలు కోశావు?"

"రెండు. ఒక్కోటి అన్నం తినే పళ్ళెమంత."

"ఎక్కడ?"

"వెనక సీటు తల దగ్గర్నుంచి వెనక అద్దం దాకా రేకు అరుగులాగా ఉంటుంది గదండీ, డెక్కంటాం. దాంట్లో. డిక్కీ మూతని లేపే కడ్డీలు ఆ రేకు కిందనే అడ్డంగా పోతాయి. స్పీకరు అయస్కాంతం వాటికి తగలకుండా ముందు కింద పడుకుని కొలుచుకున్నాను. కొలవకుండా కోసేవాళ్ళున్నారు. వాళ్ళ కార్లకి డిక్కీ మూత పడదు, తాడుతో కట్టుకు తిరుగుతారు."

"గుమ్ముమనే సబ్‌వూఫరు స్పీకరుకి చెక్కపెట్టె ఉండాలంటారు. నువ్వు పెట్టలేదట."

"డిక్కీయే పెట్టె. పాత కారు డిక్కీ అంటే చిన్నపాటి గదే అనుకోండి, అద్దెకివ్వచ్చు. అంత గాలి ఉండగా ఇంకో పెట్టె ఎందుకు?"

"ఆ గాలితోపాటు పొగ కూడా వచ్చిందంటున్నారు."

దరువు ఊచల దగ్గరికి వచ్చాడు. వినయం వాడి ఒంటికి పడదు. "నేను కోసిన కంతలో స్పీకరు కూర్చుంది. దాని చుట్టూ ప్లైవుడ్డు, ప్లైవుడ్డు కింద మెత్త, చుట్టూరా మరలు. అది కంత కాదండీ, మూత. స్పీకరు ముందుపక్క గాలి, వెనకపక్క గాలి కలవకూడదు. కలిస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. చప్పుడు వస్తుంది, దరువు రాదు. అందుకని నేను కోసినవే కాదు, కారు చేసినవాడు వదిలిన కంతలు కూడా మూసేశాను. వెనక సీటు వీపు వెనక రేకుకి కిటికీల్లాంటివి మూడుంటాయి. అన్నీ మూసేశాను."

"దేనితో?"

"డాంబరు షీటు. ఒకపక్క జిగురు, ఇంకోపక్క వెండి రేకు. అంచులన్నీ గరిటె వెనకతో నొక్కుతాను."

"గరిటెతోనా?"

"రోలరు మూలలకి పోదండీ. మా ఇంట్లో గరిటెలన్నీ షాపులోనే ఉన్నాయి. మా ఆవిడ మీ మెట్ల మీద కూర్చుందంటే నా మీద ప్రేమ అనుకుంటున్నారా? షాపు తాళం తీయించి గరిటెలు తెచ్చుకోవాలని."

కొంగ నవ్వలేదు. నవ్వితే ఆ మెడంతా కదలాలి, చాలా పని.

"ఆ సాయంత్రం డాక్టరు నీకు ఫోను చేశాడు."

"చేశారు. 'నీ దరువు చచ్చిపోయిందయ్యా, ఎంత పెంచినా రేకుడబ్బాలా మోగుతోంది' అన్నారు. రేపు పొద్దున తీసుకురండి చూస్తానన్నాను. ఇన్‌స్పెక్టరుగారు ఆ ముక్కే రాసుకున్నారు, పని చెడగొట్టానని నేనే ఒప్పుకున్నట్టు."

"చచ్చిపోయిందన్నాడా, అసలు పుట్టనే లేదన్నాడా?"

"చచ్చిపోయిందనే అన్నారు. 'నిన్నటిదాకా గుండెల్లో గుద్దింది' అని కూడా అన్నారు."

"సైలెన్సరు సంగతేమిటి?"

"చివర గొట్టం తుప్పు పట్టి బెజ్జాలు పడింది. మార్చమని చెప్పాను. వచ్చే వారం అన్నారు. పాత కారు వాళ్ళకి స్పీకర్లు ఇవాళ కావాలి, సైలెన్సరు వచ్చే వారం."

కొంగ లేచాడు. చచ్చినదేదైనా ముందు బతికి ఉండాలి. నిన్నటిదాకా బతికిన దరువు ఒక్క రోజులో చచ్చిందంటే ఆ ఒక్క రోజులో కారు మీద ఇంకెవరిదో చెయ్యి పడింది. ఇన్‌స్పెక్టరు ఆ ఫోనులో నేరం విన్నాడు. కొంగకి అందులో సాక్ష్యం వినిపించింది.

ఇక్కడ ఒక చుట్టరికం చెప్పాలి. ఆ ఇన్‌స్పెక్టరు కొంగకి తోడల్లుడు. అక్కని కొంగ చేసుకుంటే చెల్లెల్ని అతను చేసుకున్నాడు. తోడల్లుళ్ళ స్నేహం ఎలాంటిదో లోకానికి తెలుసు. ఒకరింట్లో కొత్త కుర్చీ వస్తే రెండో ఇంట్లో పాత మంచం విరుగుతుంది. పోయిన ఏడు ఇన్‌స్పెక్టరుకి మెడల్ వచ్చినప్పుడు కొంగ భార్య వారం రోజులు భర్తకి ఉప్పు లేని కూర వండింది. ఆ పంతం పెంచడానికి పైనుంచి ఒక అత్తగారు ఉంది. ఆవిడ ఇల్లు సరిగ్గా పళ్ళ డాక్టరు ఇంటి పక్కనే.

డాక్టరు భార్య బట్టలు, ఫ్లాస్కు తీసుకుపోదామని ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. సంచి సర్దుతూనే మాట్లాడింది.

"పగలంతా పళ్ళు అరగదీసే మర చెవి దగ్గర కుయ్యిమంటూ ఉంటుంది గదా బాబాయిగారూ. సాయంత్రం ఒంటికి గుమ్ముమనే చప్పుడు తగిలితే గానీ ఆ కుయ్యి పోదనేవారు. కారులో కూర్చుని కాసేపు వినడం, తర్వాత భోజనం. అంతే ఆయన సరదా."

"ఇంజను ఎందుకు వెయ్యడం?"

"వెయ్యకపోతే బ్యాటరీ పడుకుంటుంది. మర్నాడు వీధివీధంతా తోయాలి."

"అద్దాలెత్తి ఉన్నాయన్నారు."

"పక్కింటి పెద్దావిడ కోసమే. గిన్నెలు అదురుతున్నాయని ఆవిడ గోడవతల నుంచి రోజూ ఒకటే పోరు. ఆవిడని ఇబ్బంది పెట్టడమెందుకని ఈయన అద్దాలు పూర్తిగా ఎత్తుకుని వినేవారు." సంచి జిప్పు లాగబోయి ఆగింది. "మర్యాదకి పోయి ఆసుపత్రిలో పడ్డారు."

"ఆ రోజు కారు ఎక్కడికైనా వెళ్ళిందా?"

"స్టేషనుకి. చప్పుడు మీద ఫిర్యాదు వచ్చింది, బండి చూడాలి తెమ్మన్నారు. ఈయన అక్కడ వదిలి క్లినిక్కి నడిచి వెళ్ళారు. సాయంత్రం కానిస్టేబులు తెచ్చి ఇక్కడే పెట్టి వెళ్ళాడు. ఫైను లేదు, కేకలు లేవు. మీ తమ్ముడుగారు చాలా మర్యాదస్థులండీ."

"అవును, మాలో మర్యాదంతా అతనే పట్టుకుపోయాడు," అన్నాడు కొంగ. "కారు వచ్చిన సాయంత్రమే దరువు చచ్చింది?"

"అప్పుడే. ఇదేమిటి ఇలా అయిందని, ఎక్కడ పోయిందో కనిపెడదామని, రోజుకన్నా ఎక్కువసేపు అందులోనే కూర్చున్నారు. భోజనానికి పిలిచాను, పలకలేదు. పాటలో ఉన్నారనుకున్నాను." ఆవిడ సంచి భుజాన వేసుకుంది. తాళాలు కొంగ చేతిలో పెట్టింది. "ఆ స్పీకర్లబ్బాయి తప్పు ఉందో లేదో నాకు తెలీదు. ఉంటే వదలకండి. లేకపోతే అతన్ని ఉంచకండి."

కారు ఆవరణలో వేపచెట్టు కింద ఉంది. దాని వయసు గురించి డాక్టరు ఎప్పుడూ నిజం చెప్పేవాడు కాదు, ఆడపిల్ల వయసులాగా ఏటా ఒకటి తగ్గించేవాడు. కొంగ డిక్కీ తెరిచి, చొక్కా మడిచి పక్కన పెట్టి, వెల్లకిలా లోపలికి జరిగాడు. కాళ్ళు బయట ఉండిపోయాయి. టార్చి వేశాడు.

పైన రెండు స్పీకర్ల వెనకభాగాలు బోర్లించిన కుండల్లా ఉన్నాయి. మూత కడ్డీలు వాటిని తాకకుండా పక్కనుంచి పోతున్నాయి. ప్లైవుడ్డు చుట్టూ మెత్త ఎక్కడా లేవలేదు. మరలన్నీ ఉన్నాయి. కొంగ గోరుతో అంచులన్నీ తడిమాడు, తర్వాత అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి, ఆ సన్నటి పొగని అంచు వెంబడి తిప్పాడు. పొగ ఎక్కడా లోపలికి లాగలేదు. దరువు గొప్పలు చెప్పుకున్నాడు గానీ అబద్ధం చెప్పలేదు. అది కంత కాదు, మూతే.

తర్వాత సీటు వీపు వెనక రేకు వైపు మెడ తిప్పాడు. ఆ మెడ దేవుడు ఇందుకే ఇచ్చాడనిపించేంత బాగా తిరిగింది. మూడు కిటికీలు. రెండింటి మీద వెండి రేకు నిగనిగలాడుతోంది. అంచుల వెంబడి గరిటె వెనక నొక్కులు చేప పొలుసుల్లా వరసగా ఉన్నాయి. మూడో కిటికీ మీద షీటు లేదు. తెరిచిన పుస్తకమంత ఖాళీ. దాంట్లోంచి చెయ్యి పెడితే సీటు మెత్త తగిలింది.

దరువు ఆ కిటికీని మూయడం మర్చిపోయాడా అంటే, లేదు. కిటికీకి మూడు పక్కల సన్నటి వెండి పేలికలు మిగిలే ఉన్నాయి, వాటి మీద గరిటె నొక్కులతో సహా. లోపలి అంచు చాకుతో తిన్నగా కోసినట్టుంది. నాలుగో పక్కన పేలిక కూడా లేదు, జిగురు మరక మాత్రం ఉంది. ఎవరో మూడు పక్కలా కోసి, నాలుగో పక్క పట్టుకుని ఊడబెరికారు. ఖాళీ చుట్టూ రేకు మీద నల్లటి మసి, దీపం గూడు పైన గోడలాగా.

స్టెప్నీ చక్రం పక్కకి లాగి చూశాడు. గుంట అడుగున ఉండాల్సిన రబ్బరు బిళ్ళ లేదు. ఆ బెజ్జంలోంచి నేల, నేలకి ముందు తుప్పుపట్టిన సైలెన్సరు గొట్టం కనిపించాయి. పొగ ఏ దారిన వచ్చిందో ఇప్పుడు చిన్నపిల్లాడైనా వేలుపెట్టి చూపిస్తాడు. గొట్టంలోంచి డిక్కీలోకి, డిక్కీలోంచి సీటు వెనక కిటికీలోకి, అక్కణ్ణించి అద్దాలెత్తుకు కూర్చున్న మనిషి ముక్కులోకి. ఆ కిటికీ మూసి ఉన్నన్నాళ్ళూ పొగ డిక్కీలోనే తిరిగి తిరిగి చల్లారింది.

"ఆ కాళ్ళు మా పెద్దల్లుడివే," అని గోడవతల నుంచి వినిపించింది. "బతికే ఉన్నాయా, ఆ కారు వాటినీ మింగిందా?"

కొంగ మెల్లగా బయటికి జరిగాడు. గోడ మీద అత్తగారి తల.

"ఉన్నాయత్తయ్యా."

"అయితే లోపలికి రండి. మీ చొక్కా మీద చీమలు ఎక్కుతున్నాయి."

కొంగ చొక్కా దులిపి తొడుక్కుని వెళ్ళాడు. అత్తగారి వంటింట్లో గోడ పొడుగునా రెండు అరలు, వాటి నిండా స్టీలు గిన్నెలు. ఆవిడ మాట నమ్మితే, ఆ కారు మోగిన రోజుల్లో గిన్నెలు అరల మీద నడిచి ఒకదాని స్థానంలోకి ఒకటి వెళ్ళిపోయేవి. ఒక గ్లాసు అర మీంచి దిగి, గడప దాటి, వీధిలోకి పోతుంటే పాలవాడు పట్టి తెచ్చిచ్చాడు. ఈ కథలోని గ్లాసుని కూడా ఆవిడ చూపించింది. సొట్ట నిజమే.

"ఇప్పుడు మోగడం లేదు గదా?"

"ఆ డాక్టరు ఆసుపత్రిలో ఉంటే ఎలా మోగుతాయి? పాపం మంచివాడు. కానీ ఆ సాయంత్రం ఆయన కారులో కూర్చునే ఉన్నాడు, పాట వినిపిస్తూనే ఉంది, ఒక్క గిన్నె కదల్లేదు. అది మాత్రం మా చిన్నల్లుడుగారి చలవ." ఆవిడ చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "మీకూ చెప్పాను మూడు నెలలపాటు. 'చూద్దాం అత్తయ్యా' అన్నారు. చూస్తూనే ఉన్నారు. ఆయనకి ఒక్కసారి చెప్పాను. మధ్యాహ్నానికల్లా వచ్చి, 'అత్తయ్యా, ఇవాల్టి నుంచి మీ గిన్నెలకి శాంతి' అన్నారు."

"మాటతోనే శాంతి వచ్చిందా?"

"ఇంకా వినండి. ఉత్త చేతులతో రాలేదు. ఇదిగో, కింద మెత్తగా పరుస్తే ఇంక భూకంపమొచ్చినా గిన్నె అదరదని తనే పరిచి వెళ్ళారు. మీరు ఏనాడైనా ఈ వంటింట్లో చెయ్యి పెట్టారా?"

ఆవిడ పప్పు గిన్నె పక్కకి జరిపింది. కింద వెండి రేకు నిగనిగలాడింది.

కొంగ రెండో గిన్నె, మూడో గిన్నె తీసి నేల మీద పెట్టాడు. షీటు అంచు పట్టుకుని లేపాడు. అడుగున డాంబరు అరకి అంటుకుని చర్రుమంది. తెరిచిన పుస్తకమంత ముక్క. మూడు పక్కలు తిన్నగా చాకుతో కోసినవి. నాలుగో పక్క వంకర టింకరగా చిరిగి, దాని వెంబడి చేప పొలుసుల్లాంటి నొక్కులు.

"ఏమిటలా చూస్తున్నారు? వెండి కాదు లెండి."

"అత్తయ్యా, ఇది ఒక గంట అరువివ్వండి."

"తీసుకెళ్ళండి. మీకు తీసుకెళ్ళడమే గానీ తెచ్చిపెట్టడం అలవాటు లేదు."

కొంగ గడప దాటుతుంటే డాక్టరు ఆవరణలో జీపు ఆగిన చప్పుడైంది.

ఇన్‌స్పెక్టరు దిగి డిక్కీ తెరిచి ఉండటం చూశాడు, గోడ పక్కనుంచి నడిచి వస్తున్న కొంగని చూశాడు, మొహం గంటు పెట్టుకున్నాడు. మనిషి పొట్టి, గట్టి. మీసం మాత్రం ఇంకో మనిషికి సరిపోయేంత ఉంటుంది.

"అన్నయ్యా, ఆ బండి కేసు సొత్తు. ఎవరినడిగి ముట్టుకున్నారు?"

"బండిగలవాళ్ళ ఆవిణ్ణి."

"నన్నడగాలి. క్రేను వస్తోంది, స్టేషనుకి లాక్కుపోతున్నాం. మీరింక ఇంటికెళ్ళి పేపరు చదువుకోండి."

"చదువుకుంటాను. ముందు నీ రిపోర్టులో ముక్క ఒకటి చెప్పు తమ్ముడూ. పొగ ఎక్కణ్ణించి వచ్చిందని రాశావు?"

"డెక్కు రేకుకి కోసిన రెండు పెద్ద కంతల్లోంచి. గుడ్డివాడికైనా కనిపిస్తాయి."

"వాటిల్లో స్పీకర్లున్నాయి. పొగ పెట్టి చూశాను, వెంట్రుకంత సందు లేదు. నువ్వు డిక్కీలోకి దూరి చూశావా?"

"అవసరం లేకపోయింది."

"అవసరం లేకపోయిందా, ధైర్యం లేకపోయిందా?"

ఇన్‌స్పెక్టరు మీసం కదిలింది. "చూడండి. మీకు నా మీద మొదట్నుంచీ కడుపుమంట. నాకు మెడల్ వచ్చిన రోజు మీరు మా ఇంటికి కూడా రాలేదు."

"కడుపులో జబ్బు చేసింది. ఉప్పు లేని కూర."

"వేళాకోళం ఆపండి. పనివాడు పని చెడగొట్టాడు, డాక్టరే ఫోను చేసి తిట్టాడు..."

"నిన్నటిదాకా గుండెల్లో గుద్దింది, ఇవాళ చచ్చింది అన్నాడు. నిన్నకీ ఇవాల్టికీ మధ్య కారు వెళ్ళింది ఒక్క చోటికే. నీ స్టేషనుకి."

"చాలా బళ్ళు వస్తాయి స్టేషనుకి."

కొంగ డిక్కీలోకి వంగి, చంకలో ఉన్న వెండి షీటు తీసి, మూడో కిటికీ మీద పెట్టి అదిమాడు. కోసిన మూడు అంచులు మిగిలిన పేలికల పక్కన చక్కగా కూర్చున్నాయి. చిరిగిన నాలుగో పక్క జిగురు మరక మీదికి తనంతట తనే వెళ్ళింది. టార్చి వేసి పట్టుకుని పక్కకి జరిగాడు.

"ఇది అత్తయ్య పప్పు గిన్నె కింద దొరికింది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఇన్‌స్పెక్టరు ఖాకీ చొక్కా ముందుభాగం దులుపుకున్నాడు. అక్కడేమీ లేదు. తర్వాత చేతులు కిందికి పడ్డాయి.

"కోసింది నేనే," అన్నాడు. "అది చిన్న ముక్క అన్నయ్యా. కేసు పెడితే డాక్టరు పరువు పోతుంది, పెట్టకపోతే అత్తయ్య ఊరుకోదు. లాఠీ ఎత్తకుండా, ఫైను రాయకుండా చప్పుడు ఆపుదామనుకున్నాను. అంతే. దానికీ పొగకీ ఏమిటి సంబంధం? వాడు కోసిన పళ్ళేలంత కంతలు వదిలేసి..."

"వాడు కోసిన కంతలు మూసి ఉన్నాయి. నువ్వు తెరిచింది ఇదొక్కటే. ఆ మసి చూడు."

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"నాకు తెలీదు," అన్నాడు. "ఒట్టు. తెలిస్తే చేసేవాణ్ణి కాదు."

"ఆ సంగతి నమ్ముతాను. తెలిసే చేసుంటే ఆ ముక్క అత్తగారి వంటింట్లో పరిచేంత తెలివితక్కువవాడివి కాదు. కానీ రేపు కోర్టుకి వెళ్ళేది దరువు. వాడి మెడకి చుట్టింది నీ చాకు చేసిన పని. ఇప్పుడేం చేస్తావు?"

గేటు అవతల క్రేను హారను వేసింది. ఇన్‌స్పెక్టరు అటు చూశాడు, ఆ షీటు వైపు చూశాడు. ఆ చూపులో ఉన్న లెక్క కొంగకి అర్థమైంది. బండి తన చేతిలో, కేసు తన చేతిలో, సాక్ష్యం ఒక్క వెండి రేకు. కొంగ షీటు ఊడదీసి చుట్ట చుట్టి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. డాంబరు పొట్టకి అంటుకుంది. ఇంక దాన్ని ఎవరు లాగినా తోలుతో సహా రావాలి.

"ఒకటి చెప్పు," అన్నాడు, కొంచెం మెత్తగా. "ఒక్క కంతతో దరువు చస్తుందన్న చిట్కా నీకెవరు నేర్పారు? నీకు రేడియోలో స్టేషను మార్చడమే రాదు."

"మా అమ్మాయి. దాని కారుకీ వాడే గదా స్పీకర్లు బిగించింది. అదీ ఇలాంటి పాత బండే. ఇల్లంతా అదిరేది. వాడు బిగిస్తున్నంతసేపూ పక్కనే నిలబడి అంతా నేర్చుకుంది. ఒక్క కంత ఉంటే చాలు నాన్నా, మొత్తం పోతుంది అని గొప్పగా చెప్పింది. అందుకని పోయిన వారం అది నిద్ర లేవకముందే నేను..."

అతని చూపు డిక్కీలోని మూడో కిటికీ మీదికి పోయింది.

కొంగ టార్చి ఆర్పాడు. "దాని సైలెన్సరు ఎలా ఉంది?"

"మధ్యలో విరిగితే," అన్నాడు ఇన్‌స్పెక్టరు, "నేనే తీగతో కట్టాను."

"పిల్ల ఇప్పుడెక్కడ?"

"ఇంటర్వ్యూకి. పొద్దున్నే కారేసుకుని సిటీకి బయల్దేరింది. దూరం."

"అందుకేనేమో," అంది గోడ మీద నుంచి అత్తగారు. ఆవిడ ఎప్పటినుంచి వింటోందో తెలియదు. మొహంలో ఎకసెక్కం లేదు. "దారిలోంచి నాకు ఫోను చేసింది. వారం నుంచీ కారెక్కితే చాలు తలపోటు అమ్మమ్మా అంది. తినకుండా వెళ్ళుంటావు, అందుకే అని కసిరాను."

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఎత్తారు. కారు లోపల మోగుతున్న పాట బయటికే వినిపించింది, సన్నగా, రేకుడబ్బాలా.

"అమ్మా, కారు ఆపు. ఇప్పుడే..."

"ఆపేశా నాన్నా." పిల్ల మాట నిద్రలో ఉన్నట్టు సాగింది. "తల పగిలిపోతోంది. ఏసీ వేసుకుని, అద్దాలెత్తుకుని ఓ కునుకు తీస్తా. లేచి నేనే చేస్తా. నువ్వు లేపకు."

"దిగు. కారు దిగు. తలుపు తియ్యి."

పాట ఆగింది. లైను పోయింది. మళ్ళీ చేశాడు. మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. కొంగ కూడా తన ఫోనులోంచి చేశాడు. అదీ మోగి మోగి ఆగిపోయింది. పెదనాన్న ఫోనంటే ఆ పిల్ల ఏ పనిలో ఉన్నా ఎత్తుతుంది.

ఇన్‌స్పెక్టరు జీపు దగ్గరికి పరుగెత్తి వైర్‌లెస్ తీశాడు.

"సిటీ రోడ్డు మీద ఉన్న స్టేషన్లన్నిటికీ చెప్పు. తెల్ల రంగు పాత కారు. రోడ్డు పక్కన ఆగి ఉంటుంది, ఇంజను నడుస్తూ ఉంటుంది, అద్దాలు మూసి ఉంటాయి. లోపల ఆడపిల్ల ఒక్కతే. పిలవొద్దు, తట్టొద్దు, అద్దం పగలగొట్టి బయటికి లాగమను. అంబులెన్సు పంపించమను."

అవతలివాడు రాసుకుంటున్నాడు. "సార్, కారణం ఏమని చెప్పను?"

"సీటు వెనక షీటు కోసేశారు. సైలెన్సరు పొగ లోపలికి వస్తుంది."

"పళ్ళ డాక్టరు కేసులాంటిదేనా సార్? కోసింది ఆ స్పీకర్లవాడేనా?"

ఇన్‌స్పెక్టరు కొంగ వైపు చూశాడు. కొంగ చొక్కాలో చెయ్యి పెట్టలేదు.

"కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నేను. రెండు కార్లూ నేనే కోశాను. నా పేరే రాసుకో. వాడి లాకప్పు తియ్యి."

అవతల్నుంచి, "సార్, రాశాను సార్," అని వచ్చింది.

జీపు తాళాలు ఇన్‌స్పెక్టరు చేతిలోంచి రెండుసార్లు కింద పడ్డాయి. రెండోసారి కొంగే ఏరుకుని స్టీరింగు ముందుకి ఎక్కాడు. ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చుని మళ్ళీ మళ్ళీ కూతురికి ఫోను చేస్తున్నాడు. వెనక సీట్లో అత్తగారు అప్పటికే ఉంది. ఆ వయసులో ఆవిడ గేటు చుట్టూ తిరిగి వచ్చిందో, గోడే దూకిందో చూసినవాళ్ళు లేరు.

"క్రేను వాణ్ణి పక్కకి తియ్యమనండి," అంది. "పోనివ్వండి పెద్దల్లుడుగారూ. మీరిద్దరూ దారిలో ఒక్క మాట కూడా అనుకోవద్దు. చిన్నల్లుడుగారు డాక్టరు కారుకి ఆ కంత కోసింది నా మాట మీద."